మైకేల్ అన్న 'మమ'

"మైకేల్ ఫ్రాన్సిస్ రిజ్జీ, సాతానును విసర్జిస్తున్నావా?"

1972లో వచ్చిన 'ది గాడ్‌ఫాదర్' పతాక సన్నివేశంలో ఫాదర్ అడిగే ఈ ప్రశ్నను చాలామంది సరిగా వినరు. అడిగింది మాఫియా కుటుంబ పెద్ద మైకేల్ కోర్లియోనిని కాదు. ఇంటిపేరు చూడండి, రిజ్జీ. అది జ్ఞానస్నానం (బాప్తిస్మం) కోసం గుడికి తెచ్చిన, మైకేల్ భార్య కే చేతుల్లో ఉన్న పసిగుడ్డు పేరు. మైకేల్ చెల్లెలు కోనీకీ ఆమె భర్త కార్లోకీ పుట్టిన కొడుక్కి మేనమామ పేరే పెట్టుకున్నారు. పిల్లాడికి మాటలు రావు కాబట్టి పక్కన నిలబడ్డ మేనమామ వాడి తరఫున జవాబు చెబుతున్నాడు: "విసర్జిస్తున్నాను." ప్రశ్న ఒక మైకేల్‌కి, జవాబు ఇంకో మైకేల్‌ది. పేరు ఒకటే కావడంతో ఈ తేడా చెవికి ఆనదు. ఆనకూడదనే ఆ పేరు పెట్టారని నా అనుమానం.

మన ఇళ్లలో పూజ దగ్గర పురోహితుడు "మమ అనండి" అంటాడు. సంకల్పంలో ఏముందో వినకుండానే "మమ" అనేస్తాం. ఏ పనైనా మొక్కుబడిగా ముగించేస్తే "మమ అనిపించాడు" అనే మాట అక్కడి నుంచే వచ్చింది. తమాషా ఏమిటంటే ఆ మాటకు అర్థం "నాది" అని. తనది కాని సంకల్పానికి నాది అని ఒప్పుకోవడం మనకు కొత్తేమీ కాదు. చర్చిలో మైకేల్ చేస్తున్నది అలాంటి పనే, కాకపోతే తిరగేసి. అక్కడ అతను పలికే మాట అతనిది కాదు. అదే సమయంలో బయట అతని మనుషులు శత్రువులను చంపే పని మాత్రం పూర్తిగా అతనిది, అయితే దాంట్లో ఎక్కడా అతని చెయ్యి లేదు.

ఈ సన్నివేశం గురించి అందరూ చెప్పే మాట ఒకటుంది: "లోపల దేవుడి పేరు, బయట హత్యలు, ఎంత వేషధారణో చూడండి." అది తప్పని అనను. కానీ అది చూడగానే ఎవరికైనా తట్టేది, సన్నివేశం ఉపరితలం. నా వాదన వేరు. ఇది వేషధారణ గురించిన సన్నివేశం కాదు, వకాల్తా గురించిన సన్నివేశం. ఒకడి నోటితో ఇంకొకడు మాట్లాడటం, ఒకడి చేతులతో ఇంకొకడు చంపడం, ఈ రెండూ ఒకే రకం ఏర్పాటు అని కత్తిరింపుల ద్వారా చెప్పిన సన్నివేశం. ఇది ఒప్పుకుంటే ప్రతి కట్ ఎక్కడ పడిందో, ఎందుకు పడిందో తేలిగ్గా అర్థమవుతుంది. ఒప్పుకోకపోతే ఐదు చావులు, ఒక ఆర్గన్, ఒక ఏడ్చే బిడ్డ మిగులుతారు.

ముందు క్రతువు సంగతి. కథాకాలం 1955 ప్రాంతం. అప్పటికి నడుస్తున్నది 1614 నాటి రోమన్ విధి, రెండో వాటికన్ మహాసభ తర్వాత మార్చేదాకా అదే ఉంది. ఆ విధిలో జ్ఞానస్నానానికి కచ్చితమైన వరస ఉంది. గుడి వాకిట పేరు అడగడం, దుష్టశక్తిని వెళ్లగొట్టే ప్రార్థనలు, బిడ్డ నోట్లో చిటికెడు ఉప్పు, లోపలికి వచ్చాక చెవులూ ముక్కూ తాకడం. తర్వాత మూడు విసర్జన ప్రశ్నలు: సాతానును విసర్జిస్తున్నావా, వాడి పనులను, వాడి ఆడంబరాలను. ఆపైన తైలం పూయడం. అప్పుడు మూడు విశ్వాస ప్రశ్నలు: తండ్రిని నమ్ముతున్నావా, కుమారుడిని, పవిత్రాత్మను. చివరికి "జ్ఞానస్నానం కావాలా?" "కావాలి." నీళ్లు.

అంటే విసర్జన ముందు, విశ్వాసం తర్వాత. చెడును వదిలిన నోటితోనే మంచిని ఒప్పుకోవాలి, ఆ వరసలో ఉన్న తర్కం అది.

సినిమాలో ఈ వరస తిరగబడింది. మైకేల్ ముందు "నమ్ముతున్నాను" అని మూడుసార్లు అంటాడు. చాలాసేపటికి గానీ విసర్జన ప్రశ్నలు రావు. కథోలిక విధి తెలిసినవాళ్లకు ఇది తప్పుగా కనిపిస్తుంది, తప్పే కూడా. కానీ అసలు వరసలోనే ఉంచితే ఏమయ్యేదో ఆలోచించండి. హత్యలన్నీ సన్నివేశం నడిమధ్యలో అయిపోయేవి. తర్వాత "దేవుణ్ణి నమ్ముతున్నావా" అనే ప్రశ్నలు చల్లారిన అన్నంలా మిగిలేవి. తిప్పడం వల్ల సన్నివేశానికి రెండు అంతస్తులు వచ్చాయి. విశ్వాస ప్రశ్నలు నడిచేంతసేపూ బయట సన్నాహాలు జరుగుతాయి. విసర్జన ప్రశ్నలు మొదలవగానే తుపాకులు మొదలవుతాయి. ఒక శాస్త్రవిధిని కథ అవసరానికి ఇంత చల్లగా తిరగేసి, ప్రేక్షకుల్లో నూటికి తొంభైతొమ్మిది మందికి తెలియకుండా చేయడం సామాన్యమైన పని కాదు.

సన్నివేశం మొత్తం సుమారు ఐదు నిమిషాలు. ఆ ఐదు నిమిషాల్లో సగానికి పైగా ఎవరూ చావరు. మనకు మొదట గుర్తొచ్చేవి చావులే కాబట్టి ఈ లెక్క నమ్మబుద్ధి కాదు. గడియారం పెట్టుకుని చూడండి. మొదటి సగమంతా చేతులే.

బిడ్డ టోపీ ముడి విప్పుతున్న చేతులు. తక్కినవి మైకేల్ పంపిన హంతకులవి. విడి భాగాలను కలిపి తుపాకీ సిద్ధం చేసుకుంటున్న రాకో లాంపోన్ చేతులు. పొడవాటి పెట్టె పట్టుకుని, చెమట తుడుచుకుంటూ మెట్లెక్కుతున్న క్లెమెంజా. కాగితపు సంచిలోంచి పోలీసు బ్యాడ్జీనీ రివాల్వర్‌నీ బయటకు తీస్తున్న అల్ నేరి. మంగలి కుర్చీలో తల వెనక్కి వాల్చిన విల్లీ చిచ్చీ. ఇక్కడ ఒక కట్‌ని ఆపి చూడాలి. ఫాదర్ చెయ్యి బిడ్డ ముఖాన్ని తాకుతుంది. వెంటనే మంగలి చెయ్యి చిచ్చీ గడ్డానికి నురగ రాస్తుంది. రెండూ మెత్తటి కదలికలే, రెండు ముఖాలూ పైకే తిరిగి ఉన్నాయి, ఇద్దరూ తమను వేరేవాళ్ల చేతుల్లో పెట్టి ఊరుకున్నవాళ్లే. అచ్చం ఒకేలాంటి ఆకారాలను ఇలా పక్కపక్కన అతికించడాన్ని ఎడిటర్లు మ్యాచ్ కట్ అంటారు. సాధారణంగా దాన్ని తెలివి చూపించుకోవడానికి వాడతారు. ఇక్కడ దాంతో ఒక వాదనే నడిపారు: హంతకుడికి కూడా స్నానం, తైలం, తెల్లగుడ్డ ఉన్నాయి. అతను కూడా ఒక దీక్షకు తయారవుతున్నాడు.

ఈ సన్నాహాల భాగంలో తెలివిగా దాచిన సంగతి ఇంకోటి ఉంది. ఎవరు ఎవరిని చంపబోతున్నారో మనకు చెప్పరు. స్ట్రాచీ, క్యూనియో అనే ప్రత్యర్థి మాఫియా కుటుంబాల పెద్దల పేర్లు సినిమా చూసిన చాలామందికి ఆ క్షణంలో గుర్తుకు కూడా రావు. అందుకే అక్కడ ఉత్కంఠ "వాడు తప్పించుకుంటాడా" అన్నది కాదు. అలాంటి ప్రశ్నే లేదు. ముహూర్తం పెట్టేశారు, జరగాల్సింది జరుగుతుంది. పీటల మీద కూర్చున్నాక పెళ్లి ఆగుతుందా అని ఎవరూ ఆలోచించనట్టే.

సినిమా తొలి రోజుల్లో అమెరికన్ దర్శకుడు గ్రిఫిత్ లాంటివాళ్లు సమాంతర కూర్పును, అంటే రెండు చోట్ల జరిగేవాటిని మార్చి మార్చి చూపడాన్ని, వాడింది ఇందుకు సరిగ్గా వ్యతిరేకంగా. ఇక్కడ ఆపదలో ఉన్న ఇల్లాలు, అక్కడ గుర్రం మీద వస్తున్న రక్షకుడు. రెండు దారులూ చివరికి ఒకచోట కలవాలి, కలిస్తేనే కథ. సోవియట్ దర్శకుడు ఐసెన్‌స్టీన్ 1925లో తీసిన 'స్ట్రైక్'లో కార్మికుల ఊచకోతను కబేళాలో ఎద్దు వధతో కలిపి కోశాడు. అక్కడ ఎద్దు కథలోని పాత్ర కాదు, కేవలం ఉపమానం. 'గాడ్‌ఫాదర్'లో ఇవి రెండూ కావు. రెండు దారులూ కథలోవే, కానీ ఎప్పటికీ ఒకచోట కలవవు. మైకేల్ ఆ గదుల్లోకి పోడు. ఆ హంతకులు ఈ గుడిలోకి రారు. వాళ్లను కలిపే దారి ఒక్కటే, శబ్దం.

అసలు విషయం ఇక్కడుంది కాబట్టి కాస్త నిలబడి మాట్లాడుకుందాం.

ఈ సినిమాకు ఇద్దరు ఎడిటర్లు, విలియం రేనాల్డ్స్, పీటర్ జిన్నర్. ఈ సన్నివేశం ఉన్న రెండో సగం జిన్నర్ కూర్చాడు. బొమ్మల కోతతో మాత్రమే ఇది కుదరలేదనీ, జిన్నర్ ఆర్గన్ సంగీతాన్ని కిందంతా పరిచాకే అతుక్కుందనీ దర్శకుడు కొప్పోలానే చెప్పిన సంగతి సినిమా చదువుకున్నవాళ్లకు తెలిసిందే. దీన్ని ఇంట్లోనే పరీక్షించుకోవచ్చు. ఒకసారి శబ్దం పూర్తిగా ఆపేసి చూడండి. ముక్కలు ముక్కలుగా ఉంటుంది. ఒక లిఫ్టు, ఒక మసాజ్ బల్ల, ఒక మంచం, ఎవరో పోలీసు. ఇప్పుడు తెర వైపు చూడకుండా శబ్దం మాత్రం వినండి. ఒక్కచోట కూడా తెగదు. గుడి, ఫాదర్ గొంతు, బిడ్డ ఏడుపు, ఆర్గన్, నడుమ తుపాకుల మోత, మళ్లీ ఫాదర్ గొంతు. చెవులకు అది ఒకే గదిలో జరిగిన ఒకే క్రతువు.

దీనికి కారణం ఒక చిన్న నిర్ణయం. బొమ్మ బయటికి వెళ్లినా శబ్దం గుడి దాటదు. మెట్ల మీదా లిఫ్టు దగ్గరా ఫాదర్ గొంతు గుడి ప్రతిధ్వనితోనే వినిపిస్తుంది. అంటే హత్యలు జరిగే చోటుకు గుడి వెళ్లినట్టు ఉంటుంది తప్ప, గుడి వదిలి మనం హత్యల దగ్గరికి వెళ్లినట్టు ఉండదు.

ఇక ఆర్గన్. అందులో వినిపించేది జర్మన్ స్వరకర్త బాఖ్ రాసిన సి మైనర్ పాసకాలియా. పాసకాలియా అంటే కింద మంద్రస్థాయిలో ఒక చిన్న వరస మళ్లీ మళ్లీ తిరుగుతుంటే, దాని మీద ప్రతిసారీ కొత్త అల్లిక వేయడం. బాఖ్ ఇందులో ఎనిమిది బార్ల వరసను తీసుకుని దాని మీద 20 రూపాలు కట్టాడు. మన లెక్కలో చెప్పాలంటే తాళం ఆవర్తం మారదు, మీద సంగతులు మారతాయి. సన్నివేశం కట్టుబడి కూడా సరిగ్గా ఇదే. కింద మారని ప్రశ్న, మీద మారే చావులు. ఒకటి లిఫ్టులో, ఒకటి మసాజ్ బల్ల మీద, ఒకటి అద్దాల తలుపులో, ఒకటి పడకమీద, ఒకటి కోర్టు మెట్ల మీద. ఈ సంగీతాన్ని ఎంచుకున్నవాళ్లు ఇంత లెక్క వేసుకున్నారో లేదో కానీ, లెక్క మాత్రం కుదిరింది. ఉద్వేగం కోసం వయొలిన్లు పెట్టి ఉంటే ప్రతి చావుకీ ఒక ఏడుపు రాగం మొదలై, సన్నివేశం ఐదు సన్నివేశాలుగా విడిపోయేది.

కట్‌ల వరసలో ఇంకో చిన్న కీలు ఉంది. వేషధారణ వాదానికి నా ప్రధానమైన అభ్యంతరం అక్కడే. ఫాదర్ "సాతానును విసర్జిస్తున్నావా?" అంటాడు. జవాబు వెంటనే రాదు. క్లెమెంజా లిఫ్టులో ఉన్నవాళ్ల మీద తుపాకీ పేలుస్తాడు. అప్పుడు మైకేల్ "విసర్జిస్తున్నాను" అంటాడు. ప్రశ్న, హత్య, జవాబు. ఈ వరసను కొంచెం మార్చి ప్రశ్న, జవాబు, హత్య అని పెడితే ఏమవుతుందో చూడండి. "అన్నది ఒకటి, చేసింది ఒకటి" అనే వ్యంగ్యం అవుతుంది, అచ్చమైన వేషధారణ. హత్య ప్రశ్నకూ జవాబుకూ మధ్య పడటం వల్ల ఆ హత్యే జవాబు అయింది. నోటి మాట దాని మీద వేసిన ముద్ర మాత్రమే. మైకేల్ అబద్ధం చెబుతున్నట్టు మనకు అనిపించదు. ఏదో పని పూర్తయినట్టు ధ్రువీకరిస్తున్నట్టు అనిపిస్తుంది. మొదటి ప్రశ్న దగ్గర ఈ పద్ధతిని నాటారు. ఆ తర్వాత చావులు జవాబుకు ముందు పడ్డా వెనక పడ్డా మన చెవి అదే లెక్కలో వింటుంది.

న్యూయార్క్ మాఫియాలో ఐదు కుటుంబాలు. చాలా వ్యాసాల్లో "ఐదు కుటుంబాల పెద్దలనూ చంపించాడు" అని రాస్తారు. అది తప్పు. ఐదు కుటుంబాల్లో కోర్లియోని కుటుంబమే ఒకటి. చచ్చింది నలుగురు పెద్దలు: స్ట్రాచీ, క్యూనియో, టటాలియా, బార్జినీ. ఐదోవాడు మో గ్రీన్, లాస్ వేగాస్ కాసినోల మనిషి. అంటే న్యూయార్క్ గుడిలో జరిగే క్రతువుకు దేశం అవతలి చివర ఉన్న ఊళ్లో కూడా ఒక పీట వేశారు. అన్నీ అదే నిమిషంలో జరిగాయని నమ్మించేది ఎడిటింగే. కోర్టు మెట్ల మీద బార్జినీ దిగుతున్నాడంటే అది పనిరోజు అయ్యుండాలి, బిడ్డలకు జ్ఞానస్నానాలు మామూలుగా ఆదివారం పెట్టుకుంటారు. ఇలాంటివి పట్టుకుని తప్పులు ఎంచేవాళ్లు ఉన్నారు. నాకు మాత్రం ఇవి తప్పులుగా తోచవు. ఆ ఐదు నిమిషాలూ గడియారం లేని కాలం.

ఇక ప్రతీకలు. ఈ సినిమా పేరు చెప్పగానే నారింజపండ్ల వేట మొదలవుతుంది. నారింజ కనిపిస్తే చావు వస్తుందని. మసకగా ఉన్న సెట్లలో కాస్త రంగు మెరవాలని పెట్టామని కళాదర్శకుడు డీన్ టవూలారిస్ చెప్పాడు. నారింజల మీద నాకు కోపం లేదు. వాటిని లెక్కపెడుతూ కళ్లముందున్న తలుపుల్ని వదిలేయడం మీదే నా ఫిర్యాదు.

తలుపుల్ని ఒకసారి లెక్కపెట్టండి. లిఫ్టు తలుపు తెరుచుకోగానే స్ట్రాచీ పోతాడు. మసాజ్ గది తలుపు తెరుచుకుంటుంది. ఎవరా అని కళ్లజోడు పెట్టుకుని చూసిన మో గ్రీన్‌కు ఆ అద్దంలోంచే గుండు దిగుతుంది. చూడాలనుకోవడమే అతని ఆఖరి పని. క్యూనియోను తిరిగే అద్దాల తలుపులో బిగించి కాలుస్తారు. ముందుకూ పోలేడు, వెనక్కీ రాలేడు. టటాలియా పడగ్గది తలుపు తోసుకుని రాకో లోపలికి వస్తాడు. బార్జినీ ఒక్కడే ఆరుబయట, న్యూయార్క్ కౌంటీ కోర్టు మెట్ల మీద. అందరికన్నా పెద్దవాడికి తలుపు లేదు, దాక్కునే గోడ లేదు. పైగా చంపేవాడు పోలీసు దుస్తుల్లో ఉన్నాడు. నేరి పూర్వం పోలీసేనని సినిమాకు మూలమైన మారియో పూజో నవలలో ఉంది. సినిమాలో చెప్పరు. తెలిసినవాళ్లకు ఆ బ్యాడ్జీ వేషంలా కాక పాత ఉద్యోగంలా కనిపిస్తుంది.

తలుపులు గుర్తుంచుకోండి, మళ్లీ వాటి దగ్గరికే వస్తాం.

వెలుగు గురించి ఒక్క మాట. ఛాయాగ్రాహకుడు గోర్డన్ విల్లిస్ ఈ సినిమాను చీకటిలో ముంచి తీశాడన్నది ప్రసిద్ధం. పైనుంచి పడే దీపం, నీడలో కళ్లు, తేనెరంగు. మల్బరీ వీధిలోని పాత సెయింట్ పాట్రిక్ గుడిలో తీసిన ఈ లోపలి దృశ్యాలను, సినిమా మొదట్లో మైకేల్ తండ్రి వీటో కూర్చుని మొరలు విన్న ఆఫీసు గదితో పోల్చి చూడండి. అదే చీకటి, అదే తేనెరంగు. గుడికి వేరే పవిత్రమైన కాంతి ఏదీ ఇవ్వలేదు. దర్బారు గదిలాగే వెలిగించారు.

వకాల్తా అన్నాను కదా, దానికి సాక్ష్యం సినిమా మధ్యలోనే ఉంది. రెస్టారెంట్‌లో తన కుటుంబ శత్రువు సొలొట్సోనూ పోలీసు కెప్టెన్ మెక్లస్కీనీ మైకేల్ తన చేత్తోనే చంపాడు. అక్కడ కెమెరా అతని ముఖాన్ని వదలదు. కళ్లు అటూ ఇటూ కదులుతాయి. ఎక్కడో పోయే రైలు చక్రాల కీచు శబ్దాన్ని శబ్దం కూర్చిన వాల్టర్ మర్చ్ పెంచుకుంటూ పోతే అది మైకేల్ తలలోంచి వస్తున్నట్టు ఉంటుంది. చెయ్యి అతనిదే, మనసూ అతనిదే, కాబట్టి శబ్దం కూడా అతనిలోంచే వచ్చింది. జ్ఞానస్నానం దగ్గర ఆ ముఖంలో ఏమీ లేదు. అతని తలలోంచి వచ్చే శబ్దమూ లేదు, ఉన్నదంతా గుడి శబ్దమే. రెస్టారెంట్‌లో హత్య చేసిన మనిషి గుడికి వచ్చేసరికి ఒక పదవి అయిపోయాడు. పదవికి సొంత చేతులు ఉండవు.

మన సినిమాల్లో ఈ సన్నివేశం నీడ చాలా దూరం పడింది. ఒక పక్క జాతర, డప్పులు, అమ్మవారి ఊరేగింపు, ఇంకో పక్క కొబ్బరికాయ పగిలినట్టు పగిలే తలలు. లేదా హోమం, మంత్రాలు, ఇటు వేటకొడవలి. కొన్ని బాగానే ఉంటాయి. తక్కినవి ఎందుకు తేలిపోతాయో చూస్తే, కాపీ కొట్టింది కోతను మాత్రమే, కట్టుబడిని కాదు అని తెలుస్తుంది.

మొదటి లోపం, మంత్రాన్ని పాటలా వాడటం. శ్లోకం నేపథ్యంలో గంభీరంగా మోగుతుంటుంది. కానీ అందులో ఎవరూ ఎవరినీ ఏమీ అడగరు, ఎవరూ జవాబు చెప్పరు. ప్రశ్న లేని చోట కట్‌కి కొక్కెం ఉండదు. మన క్రతువుల్లో ప్రశ్నా జవాబూ లేవా అంటే బోలెడు ఉన్నాయి. పెళ్లిలో "ధర్మేచ, అర్థేచ, కామేచ" అనిపించి "నాతిచరామి" అనిపించే చోటే ఉంది. దాన్ని వదిలేసి, ఎవరికీ అర్థంకాని బీజాక్షరాలను కోరస్‌తో పాడిస్తారు.

రెండోది, హీరో రెండు చోట్లా ఉండాలనే తహతహ. అతనే పూజ చేయాలి, అతనే నరకాలి. అప్పుడు ఇది సమాంతర కూర్పు కాదు, దుస్తులు మార్చడం.

మూడోది స్లో మోషన్. ఇది చాలామంది ఒప్పుకోరు కానీ చెప్పాల్సిందే. క్రతువు తన వేగంతో సాగుతుంటుంది, దానిది సహజకాలం. పక్క షాట్‌లో రక్తం సెకనుకు 24 ఫ్రేములు కాక సాగదీసిన కాలంలో ఎగిరితే రెండు కాలాలకూ పొత్తు కుదరదు. మంత్రం ఆగి రక్తం కోసం ఎదురుచూస్తున్నట్టు ఉంటుంది. 'గాడ్‌ఫాదర్'లో ఆ హత్యలన్నీ చకచకా, దాదాపు చిరాకుగా జరిగిపోతాయి. టటాలియా మంచం మీద పడే గుళ్ల వాన కూడా అంతే. తుపాకీ మోత పొడిగా ఉంటుంది, ఆర్గన్ తప్ప వేరే ఏ సంగీతమూ దానికి వెనకనుంచి బరువు కట్టదు.

ఇది నిజంగా కూర్చాలనుకునేవాళ్లు బొమ్మలతో మొదలుపెట్టకూడదు. టైమ్‌లైన్ మీద ముందు క్రతువు శబ్దాన్ని మొదటినుంచి చివరిదాకా ఒక్క ముక్కగా పరచండి. ప్రశ్నలు ఎక్కడెక్కడ పడుతున్నాయో మార్కర్లు పెట్టండి. ప్రశ్నకూ జవాబుకూ మధ్య ఖాళీని కొలిచి, అందులో సరిపోయేంత హత్యే పెట్టండి. ఖాళీ రెండు సెకన్లయితే 48 ఫ్రేములు, అంతే. మీ దగ్గర ఎంత మంచి స్టంట్ షాట్ ఉన్నా దానికోసం ఖాళీని పెంచకండి. పెంచిన మరుక్షణం జవాబు కాస్తా డైలాగ్ అయిపోతుంది. బొమ్మ మారేచోట శబ్దం మార్చకండి. బయటి వీధి రొద, కారు హారను, పిట్టలు, ఇవన్నీ రీరికార్డింగ్‌లో సరదాగా కలపాలనిపిస్తుంది. కలిపితే గుడి అక్కడికి రావడం మానేస్తుంది. ఇంకో మాట. సన్నాహాలకు మొత్తం నిడివిలో సగమైనా ఇవ్వండి. నిర్మాత వచ్చి "ఇక్కడ లాగ్ అవుతోంది" అంటాడు. అంటాడు మరి. నురగ రాసే మంగలిని కత్తిరిస్తే మిగిలేది కాల్పులే.

సన్నివేశం అక్కడితో అయిపోలేదని కూడా మన కాపీలు మరిచిపోతాయి. నీళ్లు పోశాక, ఫాదర్ తండ్రి పేరిట, కుమారుడి పేరిట, పవిత్రాత్మ పేరిట అంటుంటే శవాల మీదికి కట్‌లు పడతాయి. "సమాధానంతో వెళ్లు" అని బిడ్డను పంపుతాడు. బిడ్డగా కనిపించిన పసికందు దర్శకుడి కూతురు సోఫియా కొప్పోలా, అప్పటికి నెలల పిల్ల కూడా కాదు, వారాల పిల్ల. ఆ ఏడుపు కూడా మధ్యలో ఒక గొంతులా పనిచేస్తుంది. ఈ మొత్తం వ్యవహారంలో ఎవరి తరఫునా కాక తన కోసం తాను నోరు విప్పినది ఆ బిడ్డ ఒక్కతే.

అదే రోజు ఆ బిడ్డ తండ్రి కార్లోను కారులో గొంతుకు ఉరి బిగించి చంపుతారు. బిగించినది మళ్లీ క్లెమెంజాయే. వెనకాల నిలబడి చూసినవాడు మైకేల్. పొద్దున జ్ఞానతండ్రిగా నిలబడ్డ మేనమామ సాయంత్రానికి ఆ బిడ్డను తండ్రి లేనివాణ్ణి చేశాడు. తెలుగులో గాడ్‌ఫాదర్ అనే మాటను మనం సినిమా ఇండస్ట్రీ ముచ్చట్లలో "అతనికి గాడ్‌ఫాదర్ ఎవరూ లేరు" అని తేలిగ్గా వాడేస్తుంటాం, అండగా ఉండే పెద్దమనిషి అనే అర్థంలో. చర్చి అర్థం మనకు తగలదు. తల్లిదండ్రులకు ఏమైనా అయితే బిడ్డ విశ్వాసానికి పూచీ ఉండాల్సినవాడు జ్ఞానతండ్రి. మైకేల్ పూచీ ముందు తీసుకుని, ఆ పూచీకి అవసరం తర్వాత కల్పించాడు.

కోనీ ఏడుస్తూ వచ్చి నిలదీస్తుంది. ఆమెను పంపించాక కే అడుగుతుంది, నిజమేనా అని. తన వ్యవహారాల గురించి అడగొద్దంటాడు. ఈ ఒక్కసారికి అడగమంటాడు. ఆమె మళ్లీ అడుగుతుంది. మైకేల్ "లేదు" అంటాడు.

ఈ చివరి ఘట్టంలో మైకేల్ ఎవరి తరఫునా కాక తన కోసం తాను పలికిన జవాబు అదొక్కటే. గుడిలో చెప్పినవన్నీ బిడ్డ తరఫున చెప్పినవి. అవి అబద్ధాలని తేల్చడం కష్టం, ఎందుకంటే అవి అతని మాటలే కావు. ఈ "లేదు" మాత్రం పూర్తిగా అతనిది, పూర్తిగా అబద్ధం. దానికి ఆర్గన్ లేదు, హత్యలతో కోత లేదు, ఫాదర్ లేడు. ఒక గది, ఇద్దరు మనుషులు, ఒక మాట.

తర్వాత కే పక్క గదిలోకి వెళ్లి నిలబడుతుంది. లోపలికి క్లెమెంజా వచ్చి మైకేల్ చేతిని ముద్దుపెట్టుకుని డాన్ కోర్లియోని అని పిలుస్తాడు. పొద్దున లిఫ్టు ముందు తుపాకీ పట్టినవాడు అతను. ఆమె అటే చూస్తూ ఉంటుంది. తలుపు మూసుకుంటుంది. ఆ తలుపు మూసింది కూడా మైకేల్ కాదు, అల్ నేరి.